బొరియకు బురద తలుపు

"గుండ్రాజూ! ఓ గుండ్రాజూ! తలుపు తీస్తావా, తన్నమంటావా?"

కప్ప చిట్టెమ్మ పీత బొరియ ముందు ఊగిపోతోంది. చెరువు ఎండిపోయింది. మిగిలిన దోసెడు నీళ్ళలో చేపపిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పొద్దుటినుంచీ వాటికి తనే నీడగా కూర్చుంటే వీపు బీటలు వారింది. పైన మబ్బొకటి పెళ్ళికూతురిలా బెట్టు చేస్తోంది. గుండ్రాజేమో నీళ్ళున్న బొరియకు బురద ముద్ద బిగించుకుని లోపల చల్లగా ఉన్నాడు.

"వాన పడుతుందక్కా, ఆ పిల్లల్ని ఓపిక పట్టమను. దేవుడున్నాడు," అన్నాడు లోపలినుంచి.

చిట్టెమ్మకు ఒళ్ళు మండిపోయింది. "నీళ్ళలో మునిగి కూర్చుని ఓపిక చెబుతావుట్రా! రోజూ డెక్కలెత్తి దండాలు పెడతావే, ఇచ్చేవాడున్నాడని తెలిసినవాడికి దాచుకునే పనేంటి?"

"అవి నీకేమన్నా చుట్టాలా? నువ్వు బురదలో దూరి పడుకోరాదూ!"

"నేను పడుకుంటే వాటికి నీడెవరు, మీ తాతా?" అని వెనక్కాళ్ళతో ఒక్క తన్ను తన్నింది.

ముద్దకు చిల్లు పడింది. అందులోంచి గుండ్రాజు కళ్ళు ఆమె పగిలిన వీపు మీద ఆగాయి. మిగతా ముద్ద తనే లాగేశాడు. చిట్టెమ్మ పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకొచ్చి నీళ్ళలో వదిలింది.

"అక్కా," అన్నాడు గుండ్రాజు పిల్లలకు చోటిచ్చి ఓ మూలకు ఒదుగుతూ, "దండాలైతే పెట్టాను గానీ, వాన వస్తుందని నేను ఒక్కనాడూ నమ్మలేదు."