రెండంకెల చోరీ

తెల్లవారి లేచి చూసేసరికి పండితుడి ఇంట్లో ఒక శతాబ్దం చోరీ అయింది.

శతాబ్దమంటే మరేమీ కాదు; గోడకు వేలాడుతున్న పాత గుడ్డలో కింది మూలన ఎర్రదారంతో కుట్టిన ‘38’ అనే రెండంకెలు. పూర్వం ఆడపిల్లలు కుట్టుపనిలో చేయి తిరగడానికి అక్షరాలూ అంకెలూ పిట్టలూ కుట్టిన నమూనా గుడ్డ అది. మూతపడిన ఒక బాలికల బడి సామాను వేలంలో దొరికింది. దారం పోగు చూసి దాని జాతకం చెప్పగల దిట్ట కనుక లోకం ఆయనను పండితుడనేది. లోకమంటే ముఖ్యంగా ఆయనే.

ఆ 38 అంటే పద్దెనిమిదివందల ముప్పై ఎనిమిదేనని తీర్మానించి, ఆయన మహావ్యాసమొకటి రచించాడు. ఆ మధ్యాహ్నమే ప్రదర్శనశాలలో సభ. అంకెలు లేని గుడ్డను పట్టుకువెళ్తే వ్యాసానికి ఆధారమూ ఉండదు, వ్యాసకర్తకు ముఖమూ ఉండదు.

గుడ్డమీద కత్తెర గాటు లేదు. నేత చెదరలేదు. ఎవరో సూదిమొనతో ఒక్కొక్క కుట్టునూ లాలించి ఊడదీశారు.

“పోయింది రెండంకెలేగా,” అంది భార్య. “వెండి చెంచాలు చూసుకున్నాను, అన్నీ ఉన్నాయి.”

పండితుడికి దొంగ ఎవరో అప్పుడే తేలిపోయింది. నిన్న రాత్రి భోజనానికి వచ్చిన తోడల్లుడు. అతనిది పాత లేసుల సేకరణ. అనగా డబ్బిచ్చి చిల్లులు కొనుక్కునే వ్యాపకమని పండితుడి అభిప్రాయం. అన్నం మధ్యలో ఆ మనిషే, “ముప్పై ఎనిమిది సరే అన్నయ్యగారూ, ఏ శతాబ్దం తాలూకు ముప్పై ఎనిమిది?” అని అడిగి అందరినీ నవ్వించాడు. నవ్వనిది వారిద్దరి అత్తగారొక్కరే. ఆవిడ లేచి, భూతద్దం పుచ్చుకుని గుడ్డంతా పరికించి, “పిట్ట ముక్కు వంకరగా ఉంది,” అని మాత్రం తీర్పిచ్చారు.

పండితుడు ఫోనెత్తాడు.

“మర్యాదగా నా శతాబ్దం నాకిచ్చెయ్యండి.”

“నా దగ్గరున్నవన్నీ చిల్లులేనని మీరే అంటారుగా,” అన్నాడు తోడల్లుడు ఆవులిస్తూ. “అంకెలు ఎక్కడ దాచమంటారు?”

దొంగ కూడా ఇంత నిబ్బరంగా ఆవులించలేడు. పండితుడు ఫోను పెట్టేసి, ఓడిన చక్రవర్తిలా కుర్చీలో కూలబడ్డాడు. ఎదుటి కిటికీ దగ్గర అత్తగారు జేబురుమాలు కుడుతున్నారు. వచ్చే నెలలో ఆవిడ తమ పొరుగింటి పళ్ల డాక్టరును పెళ్లాడబోతున్నారు. ఆయన మధ్యాహ్నం సభకు వస్తున్నాడు, ఈ రుమాలు ఆయన జేబుకే.

“మీరు దిగులు పడకండి,” అంది భార్య. “ఆ అంకెలేవో మళ్లీ ఎవరిచేతనైనా కుట్టిద్దాం.”

“ఎవరిచేతనైనానా! కుట్టు కుట్టుకీ చెయ్యి తెలిసిపోతుందే. ఆ పసిదాని చెయ్యి మట్టిలో కలిసి ఎన్నాళ్లయిందో,” అని పండితుడు నిట్టూర్చాడు.

అత్తగారు ముడి వేసి, దారాన్ని సొంత పంటితోనే తెంపి, కూతురు వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, రుమాలును అల్లుడి ఒళ్లో పరిచారు. అందులో ఒక ఎర్రపిట్ట. దాని ముక్కు వంకర.

“మట్టిలో ఏం కలవలేదు అల్లుడుగారూ, కుట్టిందీ ఊడదీసిందీ ఇదిగో ఈ చెయ్యే,” అన్నారావిడ గొంతు తగ్గించి. “పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిదిలో నాకు తొమ్మిదేళ్లు, డాక్టరుగారి లెక్కలో మాత్రం నాకింకా డెబ్బై నిండలేదు.”