నత్తకు వేగం వచ్చింది

"నత్తా! మళ్లీ ఆగిపోయావా?"

హెడ్‌ఫోన్లో కెప్టెన్ కేక వినగానే టైలరు మౌస్‌ని టకటకా నొక్కాడు. తెరమీద పొగబాంబు పేలింది. అతని సైనికుడు ఎత్తిన కాలు ఎత్తినట్టే కొయ్యబారిపోయాడు. బొమ్మ కదిలేసరికి శత్రువులు వచ్చి కాల్చి వెళ్లిపోయారు కూడా.

"వీణ్ణి తీసేద్దాం కెప్టెన్. మెడకి గుదిబండ!" అన్నాడు జట్టులో ఒకడు.

"రేపూ ఇలాగే ఉంటే నేనే మానేస్తా," అన్నాడు ఇంకొకడు.

"ఉండనివ్వండ్రా, పాపం. మైకు కూడా లేని మనిషి," అంది కెప్టెన్.

మైకు లేకేం? సొరుగులో ఉంది. గొంతు వింటే పోల్చేస్తుందని అతనెప్పుడూ టైపు చేసే మాట్లాడతాడు. ఆ కెప్టెన్ అతని కన్నకూతురు. తల్లితో పాటు ఇల్లు వదిలి వెళ్లింది. ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది, ఫోన్ చేస్తే ఎత్తదు. ఆ పిల్ల గొంతు వినడానికి అతనికి మిగిలింది ఈ ఆట ఒక్కటే. ఇప్పుడు అదీ పోయేలా ఉంది.

తెల్లవారగానే కంప్యూటర్‌ని చంటిపిల్లలా ఎత్తుకుని రిపేరు షాపుకి వెళ్లాడు.

మెకానిక్ సెట్టింగుల్లోకి వెళ్లి ర్యామ్ మెమరీ వేగం పెంచాడు. తెర నల్లబడింది. కాస్త తగ్గించాడు. మళ్లీ నలుపే.

"మీ ర్యామ్ తట్టుకోవట్లేదు సార్."

"మా పక్కషాపాయనదీ ఇదే కంపెనీ, ఇదే స్టిక్కరు. ఆయనది వేగం పెంచితే పరుగెడుతోందే!"

"స్టిక్కరు ఒకటే సార్, దాని కింద చిప్ వేరు. కొన్ని చిప్‌లు ఎంత తోలినా పరుగెడతాయి. కొన్ని నాలుగడుగులకే చతికిలబడతాయి."

"అంచు ఒకటే, గుడ్డ వేరన్నమాట," నిట్టూర్చాడు టైలరు.

"అంతే! మరి మంచి గుడ్డ వేయమంటారా?"

"వెయ్యి నాయనా. ఇక ఎక్కడా ఆగకూడదు. నాకు అదొక్కటే కావాలి."

మెకానిక్ మంచి చిప్ ఉన్న ర్యామ్ వెతికి పెట్టాడు. వేగం పెంచాడు. తెర నల్లబడలేదు. ఇంకో మెట్టు ఎక్కించాడు. చెక్కు చెదరలేదు.

ఆ సాయంత్రం పొగబాంబులు ఎన్ని పేలినా సైనికుడు ఆగలేదు. పొగలోంచి దూసుకెళ్లి, కెప్టెన్ వెనక పొంచి ఉన్నవాణ్ణి పడగొట్టాడు. జట్టు గెలిచింది.

"నత్త కాదురా, చిరుత!" అని అరిచాడు నిన్న గుదిబండ అన్నవాడే.

టైలరు కూతురి మెచ్చుకోలు కోసం చెవులు రిక్కించాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇద్దరే మిగిలారు.

"నత్తా... ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదు నువ్వు."

'అవును' అని టైపు చేశాడు గర్వంగా.

"నిజం చెప్పు. నువ్వెవరు?"

కనిపెట్టేసిందా? నాన్ననని తెలిస్తే ఈ గొంతు కూడా దక్కదు. టైలరు టైపు చేశాడు: 'నువ్వెరగని మనిషిని.'

అవతల ముక్కు ఎగబీల్చుకున్న శబ్దం వినిపించింది.

"సారీ అండీ. మా నాన్న కంప్యూటరు కూడా పొగ వస్తే చాలు, అచ్చం అలాగే ఆగిపోయేది. నేను ఇన్నాళ్లూ ఆయనతోనే ఆడుతున్నాననుకున్నాను."