ఒక సీసా తక్కువ

"నీ సీసా పగిలిపోయిందక్కా," అంది టైలరమ్మ, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే.

గుమ్మంలో నిలబడ్డది పై వాటా ఆవిడ. ఆ మెట్లవెంట ఉన్న నాలుగు వాటాలవాళ్ళూ ఆమెను సీసాలావిడ అనే పిలుస్తారు. పండ్లకాలం వస్తే చాలు, టమాటా గుజ్జో, పాకంలో అనాస ముక్కలో గాజు సీసాలకెత్తి, మూత బిగించి, నీళ్ళలో మరగబెట్టి ఏడాది పొడుగునా నిలవ ఉంచడం ఆమెకు పిచ్చి. ఆ పిచ్చికి షరతు ఒక్కటే. సరుకు ఎవరైనా తినొచ్చు, సీసా మాత్రం కడిగి వెనక్కివ్వాలి. ఖాళీ సీసా వస్తేనే నిండు సీసా వెళుతుంది.

ఇంకో గంటలో లారీ వస్తుంది. కొత్త ఇల్లు ఊరికి అవతలి కొసన, రెండు బస్సులు మారితే గానీ చేరలేనంత దూరం. పైన ఇరవై గళ్ళ అట్టపెట్టెలో పందొమ్మిది సీసాలు కాగితాలు చుట్టుకుని కూర్చున్నాయి. ఒక్క గడి మాత్రం పన్ను ఊడిన చిగురులా బోసిగా ఉంది.

"ఎప్పుడు పగిలింది?"

"మొన్న. చెయ్యి జారింది."

"పెంకులేవి?"

"పెంకులు దాచుకుంటారా ఎవరైనా?"

అప్పుడు కనబడింది. దారపు ఉండల వెనక, కుట్టి వేలాడదీసిన గౌను అంచు కింద, నీలిగాజు సీసా. మెడ దగ్గర గాజులో చిన్న గాలిబుడగ. వెయ్యి సీసాల్లో కలిపినా ఆమె దాన్ని గుర్తుపడుతుంది. టైలరమ్మ ఆ చూపు కనిపెట్టినట్టే ఉంది, గౌను సర్దే నెపంతో లేచివెళ్ళి అడ్డంగా నిలబడింది, తేలు కుట్టిన దొంగలా.

ఒక్క అడుగు ముందుకేసి సీసా అందుకోవచ్చు. కానీ కాలు కదల్లేదు. పదకొండేళ్ళ ఆదివారాలు కాళ్ళకు అడ్డం పడ్డాయి. గుండిగ ఈమెది, పట్టకారు టైలరమ్మది. మరిగే నీళ్ళలోంచి సీసా మెడ పట్టి పైకెత్తేది టైలరమ్మ, ఎత్తినంతసేపూ ఊపిరి బిగపట్టేది ఈమె. ఆ తర్వాత ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, చల్లారే సీసాల మూతలు టక్కుమని లోపలికి గుంజుకునే చప్పుళ్ళు లెక్కపెట్టేవాళ్ళు. టక్కుమనని సీసా నిలవ ఉండదు, ఆ పూటే తినెయ్యాలి. ఒక్కటైనా టక్కుమనకుండా చూడు స్వామీ అని టైలరమ్మ పైకే మొక్కుకునేది.

అలాంటి మనిషి ఒక్క సీసాకోసం అబద్ధమాడింది. అంతకంటే నొప్పి ఇంకొకటుంది. పది రోజులుగా పై వాటాలో పెట్టెలు కడుతుంటే, కొత్త ఇల్లెక్కడక్కా అని మాటవరసకైనా అడగలేదు.

"సరేలే," అని వెనుదిరిగింది.

టైలరమ్మ వెనకనించి తన పట్టకారు సంగతి అడిగింది. కిందటి ఆదివారం వాడాక పైనే ఉండిపోయిందట. ఈ సర్దుడు గోలలో ఏ పెట్టెలో పడిందో ఏమోననీ, దొరికినప్పుడు చెబుతాననీ ముక్తసరిగా అనేసి సీసాలావిడ మెట్లెక్కింది.

పైన మొగుడు తాళ్ళతో కుస్తీ పడుతున్నాడు. సంగతి విని నవ్వాడు. కొత్తింటి వీధి చివర గాజుసామాన్ల కొట్టుందట, ఒకటేమిటి డజను కొనిస్తానన్నాడు.

"సీసాకోసం కాదండీ," అంది. చివరిసారి చూసుకోడానికి వంటింట్లోకి వెళ్ళింది.

వంటింటి అర ఖాళీ అయింది. సీసాల అడుగులు వేసిన గుండ్రటి మరకలు మాత్రం చెక్క మీద మిగిలాయి. ఒకదాన్ని వేలితో రుద్దింది. పోలేదు.

సామానంతా లారీ ఎక్కింది. చేతిసంచీ కూడా వెనక పడేద్దామని కూలీలన్నా ఆమె ఇవ్వలేదు, చంకలోనే ఇరికించుకుని డ్రైవరు సరసన మొగుడి పక్కన, కిటికీ వైపు కూర్చుంది. లారీ కదలబోతుండగా టైలరమ్మ మెడలో టేపు ఊగుతుంటే పరుగెత్తుకొచ్చి కిటికీ పట్టుకుంది.

"సీసా పగల్లేదక్కా."

"చూశాను."

"చూసి కూడా అడగలేదేం?"

"నువ్వే చెప్పాలిగా."

టైలరమ్మ టేపు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. "అది కూడా ఇచ్చేస్తే ఇక నాతో నీకు పనేముంది? నీ సంగతి నాకు తెలీదా, ఒక్క సీసా తగ్గితే నిద్రపోవు. దానికోసమైనా వస్తావని దాచా. ఎక్కడికెళుతున్నావో అడిగితే ఏడుపొస్తుందని అడగలా."

సీసాలావిడ కిటికీలోంచి ముందుకు వంగింది. "దొంగమొహమా. సీసా అడ్డం పెట్టుకుని మనిషిని రప్పించుకుంటారుటే? నోరు తెరిచి రమ్మంటే రానా?"

"నీలాగా నిక్కచ్చి మనిషిని కాదు కదక్కా నేను," అంది టైలరమ్మ, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ.

"ఆ బుద్ధులే మానుకో," అని చెయ్యి చాపి బుగ్గ గిల్లింది సీసాలావిడ.

లారీ కదిలింది. మలుపు తిరిగేదాకా, ఆ పసుపుపచ్చ టేపు కనబడినంతసేపూ, ఆమె మెడ వెనక్కి తిప్పి చూస్తూనే ఉంది.

పక్కన మొగుడు ఇరుకులో సర్దుకోబోయి మూలిగాడు. "ఈ సంచిలో ఏం పెట్టావే, డొక్కలో పొడుస్తోంది?"

ఆమె గబుక్కున సంచిని ఒళ్ళోకి లాక్కుంది, తేలు కుట్టిన దొంగలా. ఆ విసురుకు జిప్పు ఊడి, టైలరమ్మ పట్టకారు తల బయటికి పెట్టింది.