పై తోట, కింది తోట

సరుకుల లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి, రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. ఫ్యాను కూడా ఆగింది.

రుచితకు పైప్రాణాలు పైనే పోయాయి.

లిఫ్టులో ఆమెతోపాటు ఇంకొకాయన ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. రబ్బరు చెప్పులు, చెమటకు తడిసిన చొక్కా, కాళ్ల దగ్గర టేపు చుట్టిన థర్మాకోల్ పెట్టె. పైన రెస్టారెంటు వంటింటికి చేపలు తెచ్చిన మనిషే అయ్యుంటాడనుకుంది రుచిత. వాసనేమీ రాలేదు గానీ, వస్తుందేమోనని మూలకు జరిగి నిలబడింది.

ముందువైపు లిఫ్టుల దగ్గర క్యూ చూసి ఇటు పరుగెత్తుకొచ్చింది. ఇప్పుడు ఆ తెలివిని తనే తిట్టుకుంటోంది.

బటన్ నొక్కితే స్పీకర్లో గొంతు పలికింది. “టెక్నీషియన్ కమింగ్ లా, మ్యాడమ్. వెయిట్ అహ్.”

“ఎంతసేపు?”

“సూన్, సూన్.”

సింగపూర్ మధ్యాహ్నానికి ఇనప డబ్బా ఇట్టే వేడెక్కింది. రుచిత భుజానున్న సంచీ దించి, లోపలి రెండు సీసాలనూ అరచేత్తో తాకి చూసింది.

“అయ్యో దేవుడా!”

“ఏం మా, తెలుగోళ్లా?” అన్నాడాయన.

“అవునంకుల్. మీరు తువాస్ ఫ్యాక్టరీల్లో పనా?”

“పోతా వస్తా ఉంటా. ఏముంది మా ఆ సంచీలో, అంత అల్లాడిపోతాండావు?”

చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. చెప్పేసింది.

టాస్మానియాలో ఒక చలి కొండ మీద ద్రాక్షతోట. నిజానికి రెండు తోటలు. పైది రాతినేల, పొద్దస్తమానం గాలి. పళ్లు నిదానంగా పండుతాయి, వైన్ సన్నగా, పులుపు చురుక్కుమనేలా వస్తుంది. కిందిది ఏటి పక్క నల్లమట్టి. ఆ వైన్ మెత్తగా, నిండుగా ఉంటుంది. తీగ ఒకటే, పీపా ఒకటే, చేసే చెయ్యీ ఒకటే. తేడా అంతా నేలది, చలిది.

ఆ వైన్ సింగపూర్లో అమ్ముకునే హక్కు ఒక్క కంపెనీకే ఇస్తారట. పోటీలో మిగిలింది ఇద్దరు. అవతలివాళ్లెవరో రుచితకు తెలియదు. ఇద్దరికీ చెరో రెండు సీసాలు పంపి, కొన్నాళ్లు దాచి తీసుకురమ్మన్నారు. తెచ్చిన సీసాను తెచ్చినట్టే తెరుస్తారు. ఏది పై తోటదో, ఏది కింది తోటదో గ్లాసులో తెలియాలి.

“వేడెక్కితే ఏమైతాది?”

“రెండూ ఒకటే అయిపోతాయంకుల్. ఉత్త ద్రాక్షసారా. ఇన్నాళ్లూ కంటికి రెప్పలా చూసుకుని, ఇవాళ హడావుడిలో ఐసు ప్యాకులు ఫ్రిజ్‌లోనే వదిలేసి వచ్చా. టాక్సీలో ఏసీ ఉంటుంది కదా అనుకున్నా.”

“పోతే పోనీ లే మా. ఇంకోటి వస్తాది.”

“ఉద్యోగం పోతుందంకుల్! ఈ వైన్ తెస్తాననే మా బాస్ నన్నుంచాడు. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండే పాస్ పోతుంది. పాపని స్కూలు మాన్పించి మూటాముల్లె సర్దుకోవాలి. దానికి నేను తప్ప ఎవరూ లేరు.”

ఆయన తన పెట్టె వైపు చూశాడు. నుదురు తుడుచుకున్నాడు. మళ్లీ చూశాడు.

తర్వాత పెట్టెను తనవైపు తిప్పుకుని టేపు పీకాడు. మూత బెత్తెడు ఎత్తి చెయ్యి దూర్చి, గడ్డకట్టిన ఐసు ప్యాకులు ఒక్కొక్కటే బయటికి తీశాడు.

“సంచీ తెరువు మా.”

“మరి మీ చేపలు?”

ఆయన నవ్వాడు. “నాయి గట్టి సరుకులే. నీ సీసాల చుట్టూ పెట్టు. ఊఁ, కానీ.”

నీచువాసన అంటుతుందేమోనని రుచిత ఒక క్షణం తటపటాయించింది. ఆ తర్వాత అన్నీ లాక్కున్నట్టే తీసుకుంది.

లిఫ్టు కదలడానికి చాలాసేపు పట్టింది. తలుపు తెరుచుకోగానే ఆమె ఒకటే పరుగు. థాంక్స్ చెప్పాలని కూడా తోచలేదు.

పై అంతస్తులో తోట యజమానురాలు హెలెన్ రెండు సీసాలూ తెరిచి రెండు గ్లాసుల్లో వంచింది. మొదటిది వాసన చూసింది. నోట్లో తిప్పింది. రెండోది. మళ్లీ మొదటిది. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. 

“కాసేపు పక్క గదిలో కూర్చోండి. రెండో కంపెనీవి కూడా చూసి పిలుస్తాను.”

ఆ కాసేపూ రుచిత మొక్కని దేవుడు లేడు.

పిలుపు వచ్చింది.

“హక్కు మీదే,” అంది హెలెన్. “మీ గ్లాసుల్లో కొండ కొండలా ఉంది, ఏరు ఏరులా ఉంది.”

రుచితకు కన్నీళ్లు ఆగలేదు. పాప స్కూలు నిలబడింది, ఇల్లు నిలబడింది.

బల్ల చివర ఇంకో రెండు గ్లాసులు ఒక్క గుక్కతో వదిలేసి ఉన్నాయి.

“అవి వాళ్లవా?”

“అవును. వెచ్చబడిపోయాయి. రెండూ ఒకేలా ఉన్నాయి.” హెలెన్ నిట్టూర్చింది. “నిజం చెప్పాలంటే, ఆ కంపెనీ ఆయనకే ఇద్దామనుకుని వచ్చాను. ఈ ఊళ్లో మా వైన్ విలువ మొదట గుర్తించింది ఆయనే. పాపం, ఇప్పుడే వెళ్లిపోయారు.”

గెలిచిన నోరు ఊరుకోదు కదా. “అంత తెలిసినాయన ఐసు లేకుండా ఎలా తెచ్చారండీ?” అంది రుచిత.

“నేనూ అదే అడిగాను. లిఫ్టులో ఒక తల్లికి తనకంటే అవసరం ఎక్కువని ఇచ్చేశారట.”