బూటు మడమ

మా పక్కింటి ఎడ్విన్ పోయి నెలైంది. తెల్లారాక అతని చితాభస్మాన్ని అతని టాపులేని కారులోనే విట్బీ సముద్రానికి తీసుకెళ్లాలని భార్య మేవిస్ పట్టు. అరవై ఏళ్ల నాటి ఆ కారేమో కదలనంటోంది.

రాత్రి పదకొండైంది. వాళ్ల షెడ్డులో ఫ్యూజులు చూశాను, తుప్పు గీకాను, వైర్లన్నీ టెస్ట్ లైటుతో పరీక్షించాను. కరెంటు వస్తోంది. కరెంటు అందగానే టిక్కుటిక్కుమనాల్సిన పెట్రోలు పంపు మాత్రం, వెనక చక్రం దగ్గర, ఉలకడం లేదు.

"మొరాయిస్తే మా ఆయన కిందికి దూరి, బూటు మడమతో పంపు మీద మూడు దెబ్బలు వేసేవాడు," అంది మేవిస్.

"నేనూ వేశాను వదినా. నా మాట వింటేగా! ఆ మనిషికి తగ్గ మొండిఘటం."

విసుగొచ్చి బ్యాటరీ ఊడదీసి గచ్చు మీద పెట్టాను. మేవిస్ టీ ఇచ్చింది. ఇద్దరం కారు పక్కనే నిలబడి తాగుతున్నాం. షెడ్డులో చడీచప్పుడూ లేదు.

కారు కింద నుంచి దెబ్బ వినిపించింది. తీరిగ్గా ఇంకొకటి. ఆపైన మూడోది.

పంపు టిక్కుటిక్కుమంటూ కొట్టుకోసాగింది.

నా కాళ్ల దగ్గరి బ్యాటరీ వంక చూశాను. దానికి ఒక్క వైరూ తగిలించి లేదు.

మేవిస్ కప్పు కింద పెట్టింది. వంగి చూడనైనా లేదు.

"ఎప్పుడూ తొందరే నీకు," అంది కారుకేసి మురిపెంగా. "ఉండవయ్యా, కోటు వేసుకోనీ."