ఇసుక మీద బుడగలు

"ఇవి విషమాండీ?"

కౌంటరు మీదికి ఫోన్ జరిపి అడిగిందామె. ఫోటోలో అద్దాల తొట్టి. లోపల రాళ్ల మీద, ఇసుక మీద సన్నటి గాలిబుడగలు, పూసలు అతికించినట్టు.

దానవాయిపేటలో ప్రిస్కిల్లాది చిన్న ఆక్వేరియం షాపు. ఉప్పునీటి చేపల గురించి ఏం అడగాలన్నా రాజమండ్రిలో అందరూ ఆమె దగ్గరికే వస్తారు. ఫోటో చూసి నవ్వింది.

"కాదండి. రాళ్లకి పట్టిన పాచి, లైటు తగిలితే గాలి వదులుతుంది. చేపలకి మంచిదే."

"అంటే, వాటికేం కాదాండీ?"

"ఏం కాదండి."

ఆమె మొహంలో దిగులు పోలేదు. "ఇంకో ఫోటో చూడండి. తొట్టి మొత్తం తీశాను."

ప్రిస్కిల్లా చూసింది. నవ్వు ఆగిపోయింది.

మూలన వంతెనలా నిలబెట్టిన మూడు రాళ్లు. వాటిని పేర్చింది తనే. ఉప్పాడ నుంచి డబ్బాల్లో సముద్రపు నీళ్లు తెప్పించింది తనే. బెత్తెడు మందాన ఇసుక పరిచింది తనే. శ్యాంబాబుతో కాపురం చేసిన తొమ్మిదేళ్లూ ఆ తొట్టిని పసిపిల్లలా సాకింది. విడిపోయిన రోజు ఆమె అడిగింది ఒక్కటే.

"ఆ రెండు నారింజ చేపలు ఇవ్వండి. నా చేతుల మీద పెరిగాయి."

"నా ఇంట్లోంచి చీపురుపుల్ల కూడా పోదు," అన్నాడతను. సంఘ పెద్దలు చూస్తుండగానే గేటు వేసేశాడు.

"మీ పేరేంటండి?" గొంతు మామూలుగా ఉంచుకుని అడిగింది ప్రిస్కిల్లా.

"సారికండి."

నిరుడు అతను చేసుకున్న అమ్మాయి పేరు అదేనని విన్నది.

"మీవారికి చేపలంటే ఇష్టమా?"

"ప్రాణమండి. పొద్దున్నే వాటిని చూసుకున్నాకే నా మొహం చూస్తారు. ఒక్కటి కనబడకపోతే ఇక ఆ రోజంతా..." ఆపేసి, ముంజేతి మీదికి కొంగు లాక్కుంది సారిక.

ప్రిస్కిల్లా అది పట్టించుకోలేదు. ఆమె కళ్ల ముందు శ్యాంబాబు ఒక్కడే ఉన్నాడు, చచ్చిన చేపలు తేలుతున్న తొట్టి ముందు.

"ఇప్పుడు సరిగ్గా చూశానండి. ఇవి పాచి బుడగలు కావు. అడుగున గాలి చిక్కుకుంది. ఇసుకంతా కలిపెయ్యండి. ఒక్క పూటలో అయిపోవాలి."

ఆ అడుగున ఏముందో ఆమెకి తెలుసు. ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి మడ్డి. అందులో కుళ్లిన గుడ్ల వాసన కొట్టే విషవాయువు. కదపనంత కాలం దానివల్ల ఏ హానీ లేదు. ఒక్కసారిగా కలిపితే గంటల్లో ఒక్క చేపా మిగలదు.

సారిక మొహం తేటపడింది. "అట్టడుగు దాకానాండీ?"

"అట్టడుగు దాకా."

రెండుసార్లు థాంక్స్ చెప్పి, నంబరు రాసిచ్చి వెళ్లింది.

ఆ రోజంతా ప్రిస్కిల్లా కడుపు చల్లగా ఉంది. మూసుకున్న గేటు ముందు నిలబడి ఏడవకుండా దిగమింగిందంతా ఇన్నాళ్లకి తీరబోతోంది.

మర్నాడు పదకొండింటికి షాపులో చేపలకి మేత వేస్తోంది. ఓ నారింజ చేప పైకొచ్చి ఆమె వేలిని ముట్టింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ రెండూ ఇలాగే వచ్చేవి. చేపలు చస్తే శ్యాంబాబు చెయ్యి ముందు ఎవరి మీద లేస్తుందో అప్పుడు తట్టిందామెకి.

గబగబా ఫోన్ చేసింది.

"సారికగారూ, ఇసుక ముట్టుకోకండి. నేను తప్పు చెప్పాను. కలిపితే చేపలన్నీ చచ్చిపోతాయి."

అవతల బస్టాండు మైకులో విశాఖపట్నం బస్సు గురించి చెబుతున్నారు.

"తప్పేం చెప్పలేదక్కా. పొద్దున ఆయన అటు వెళ్లగానే కలిపేశాను," అంది సారిక తాపీగా.

"అవి చచ్చే దారి ఆయన మొదటి భార్య అయితేనే చెబుతుందని, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాను."