నెత్తి మీదుగా

"ఈయనకి నడుం కింద ఏమీ పనిచేయదా అమ్మా?"

ఇంటాయన అడిగింది చక్రాల కుర్చీలో కూర్చున్న టైలర్ని కాదు. కుర్చీ వెనక నిలబడిన అతని భార్యని.

"కాళ్ళు రెండూ కదలవండి," అన్నాడు టైలరు.

ఇంటాయన కిందికి చూడలేదు. ఆవిడ ముఖంలోకే చూస్తూ "అయ్యో పాపం" అన్నాడు. ఆవిడా ఆయన ముఖంలోకే చూసి చిన్నగా నవ్వింది.

అద్దెకి గది కోసం తిరుగుతుంటే పొద్దుట్నించీ ఇదే తంతు. ఏ గేటు దగ్గర ఆగినా ప్రశ్నలు టైలరు నెత్తి మీదుగా పోతాయి. జవాబులు మాత్రం కింద నుంచి వస్తాయి. దారిలో టీ కొట్టతను కూడా "ఈయనకి చక్కెర వెయ్యొచ్చా అమ్మా?" అని ఆవిడనే అడిగాడు. ఆవిడ నవ్వింది. చక్కెర లేని టీ వచ్చింది. మాట్లాడే ఓపిక లేక టైలరు తాగేశాడు.

ఇప్పుడుంటున్నది మేడ మీది గది. అతన్ని ఎత్తుకుని ఎక్కించి దించే పక్కింటి డ్రైవరు వేరే ఊరు వెళ్ళిపోయాడు. అప్పట్నించీ టైలరు మెట్ల కిందే పడుకుంటున్నాడు. వానొస్తే అక్కడికీ నీళ్ళొస్తాయి.

ఈ గదికి మెట్లు లేవు. గడప కూడా లేదు. కుర్చీ నేరుగా లోపలికి పోతుంది. టైలరు ఆ గుమ్మం వంక చూస్తూనే ఉన్నాడు.

"సామాను ఎక్కువా అమ్మా?"

"రెండు పెట్టెలు, కుట్టుమిషను," అన్నాడు టైలరు. "కత్తిరింపు నాది. కుట్టడం తనది."

"మిషనా! పగలంతా ఆ టకటక మీకు తలనొప్పిగా ఉండదూ?"

ఆవిడ నవ్వింది.

"తనకేం ఉండదండీ. సార్, ఏదైనా నన్నడగండి. తను..."

"ఉండవయ్యా, అమ్మతో మాట్లాడుతున్నాగా!"

టైలరు మళ్ళీ ఆ గుమ్మం వంక చూశాడు. గుమ్మం దాకా వచ్చి గొడవెందుకు?

ఇంటాయన గొంతు సవరించుకున్నాడు. "నీళ్ళు పొద్దున్నే పట్టి పెట్టుకోవాలమ్మా. రాత్రి గేటుకి తాళం వేసేస్తాం, ఆలస్యంగా రాకూడదు. గోడలకి మేకులు కొట్టకూడదు. ఇంకో మాట, ఏమనుకోకండి. ఈయన చిరాకు మనిషి కాదు కదా? కేకలూ అవీ..."

"చిరాకు ఉందండీ. ఇవాళ కాస్త ఎక్కువే ఉంది," అన్నాడు టైలరు.

ఆ మాట ఇంటాయన చెవికెక్కలేదు.

"మొహమాటపడకుండా చెప్పండమ్మా. అన్నీ సమ్మతమేనా? మీరు ఊఁ అంటే చాలు, తాళం ఇచ్చేస్తాను."

ఆవిడ వంగి భర్త ముఖంలోకి చూసింది. అతను తలూపాడు. ఆవిడా తలూపింది.

"చూశారా! ఆయన్ని అడక్కుండా అడుగు వెయ్యరన్నమాట," అని ఇంటాయన మురిసిపోయి, జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

టైలరు ఊపిరి పీల్చుకున్నాడు. వీపు వెనక్కి వాల్చాడు. పొద్దున ఇల్లు వదిలాక వాల్చడం ఇదే.

అప్పుడు ఇంటాయన మొదటిసారి కిందికి వంగాడు. టైలరు చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిచాడు.

"అదృష్టవంతుడివయ్యా! ఇన్ని చెప్పానా, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు మీ ఆవిడ! ఎంత శ్రద్ధగా విందో!"

టైలరు చెవి తుడుచుకున్నాడు. కుర్చీని మెల్లగా భార్య వైపు తిప్పుకున్నాడు. ఆవిడ తాళంచెవి చూపించి, ఏమిటన్నట్టు కళ్ళెగరేసింది.

పుట్టుకతోనే చెవులు వినపడని ఆవిడకి, నీళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఇంటాయన అన్నవన్నీ టైలరు అలిసిపోయిన చేతులతో సైగలు చేసి చెప్పసాగాడు.